శుశ్రూష - శిక్షణ: శిశుసంరక్షణ విధానభాషపై ఒక విమర్శ (మియాపూర్ నేపథ్యంగా)

వ్యాససంగ్రహం:
శిశువిద్యా కార్యకర్తలకు పని నేర్పే తీరును 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, 2020 జాతీయ విద్యావిధానం, 2022 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం. అనుభవజ్ఞురాలి పక్కన ఉండి నేర్చుకునే పద్ధతికి ఈ పత్రాల్లో దక్కిన స్థానం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: శుశ్రూష, శిష్యరికం, అంగన్‌వాడీ, గౌరవవేతనం, మియాపూర్.

ఉపోద్ఘాతం:
‘శ్రు’ ధాతువు నుంచి ఏర్పడిన ‘శుశ్రూష’ పదానికి వినాలనే కోరిక అని వ్యుత్పత్త్యర్థం. వాడుకలో అది గురుసేవకూ, రోగుల పరిచర్యకూ చెల్లింది. నేర్చుకోవడం, సంరక్షించడం అనే రెండు పనులు ఆ ఒక్క పదంలో కలిసి ఉన్నాయి. నేటి విధానపత్రాల్లో అవి విడిపోయాయి. ఆ ఎడబాటు ఫలితం మియాపూర్ వంటి చోట స్పష్టంగా తెలుస్తుంది.

1. శిక్షణ: పక్కన ఎవరున్నారు?
సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పోషకాహారం, ఆరోగ్యంతో పాటు పూర్వప్రాథమిక విద్య కూడా అంగన్‌వాడీ బాధ్యతల్లో ఒకటైంది. 2020 జాతీయ విద్యావిధానం ఇంటర్మీడియట్, ఆపై చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించింది. ఇవి డీటీహెచ్ ఛానళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా సాగుతాయి. నెలకు కనీసం ఒక ముఖాముఖి తరగతి ఉంటుంది. కేంద్రం మూతపడకుండా చదువుకునే వీలు ఇందులోని మేలు.

అయితే మార్గదర్శనాన్ని పాఠశాల విద్యాశాఖకు చెందిన క్లస్టర్ వనరుల కేంద్రాలకు అప్పగించారు. ఏళ్ల తరబడి పిల్లలను సాకిన సీనియర్ టీచరుకు ఆ ఏర్పాటులో నేర్పేవారి స్థానం లేదు. ఏడుస్తున్న మూడేళ్ల పిల్లను ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎప్పుడు తోటిపిల్లల మధ్య వదలాలో తెర మీద చూసి కొంతవరకే తెలుస్తుంది. మిగిలినది చేసేవారిని చూసి, తాను చేస్తూ, తప్పు దిద్దించుకుంటూ నేర్చుకోవలసినదే.

2. వేతనవాచకాలు
అలాగైతే అప్రెంటిస్‌షిప్ పరిష్కారం కాదా అనే ప్రశ్న సహజం. 1961 చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, శ్రామికుడు కాదు. అతనికి అందేది స్టైపెండ్. ఫ్యాక్టరీలో ఇది తాత్కాలిక దశ, దాని తరువాత జీతం ఉంటుంది. అంగన్‌వాడీలో ఆ తరువాతి మెట్టు కూడా ‘గౌరవవేతనం’. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ గౌరవవేతనాన్ని గ్రాట్యుటీ చట్టం దృష్ట్యా వేతనంగానే పరిగణించి, కార్యకర్తలకూ సహాయకులకూ గ్రాట్యుటీ హక్కును గుర్తించింది. పేరులోని గౌరవం శ్రమను కప్పిపుచ్చిందనడానికి ఈ తీర్పే ఆధారం. స్టైపెండ్ నుంచి గౌరవవేతనానికి చేరడాన్ని వృత్తిప్రవేశం అనడం కష్టం.

3. మియాపూర్: ఒకే వీధి, రెండు బాల్యాలు
ఐటీ కారిడార్‌కు చేరువగా, మెట్రో మార్గానికి ఒక కొసన ఉన్న మియాపూర్‌లో అపార్ట్‌మెంట్ల పిల్లలకు ప్లేస్కూళ్లు, డే కేర్లు ఉన్నాయి. ఆ అపార్ట్‌మెంట్లను కట్టే వలస కూలీల పిల్లలకు అంగన్‌వాడీయే దిక్కు. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పాటు చేయాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూడవచ్చంది. ఆ సెక్షన్ తల్లి రాకను లెక్కించింది కానీ, మిగతా సమయమంతా బిడ్డను చూసే మనిషి పని ఎలా నేర్చుకోవాలో చెప్పలేదు.

ఆ మనిషి సాధారణంగా ‘ఆయా’. టీచర్ పాఠం చెబుతుందనీ, ఆయా శుభ్రం చేస్తుందనీ విభజన. పసిబిడ్డ విషయంలో ఇది నిలవదు. అన్నం తినిపిస్తూ చెప్పే మాటే మొదటి భాషాపాఠం. ఇంట్లో ఒడియానో హిందీనో వినే బిడ్డకు తెలుగు ముందుగా చేరేది ఆ ముద్దతోనే.

ముగింపు:
1. శిశుసంరక్షణ శిష్యరికంలో నేర్పే స్థానం అనుభవమున్న టీచర్లకూ ఆయాలకూ దక్కాలి. నేర్పే సమయాన్ని అదనపు పనిగా గుర్తించి చెల్లించాలి.
2. నేర్చుకునే కాలానికి ముగింపు ఉండాలి. అది జీతమున్న ఉద్యోగానికి దారితీయాలి.
3. ఈ రెండూ లేని అప్రెంటిస్‌షిప్ తక్కువ ఖర్చుతో ఆయాలను సమకూర్చుకునే మార్గంగా మిగిలిపోతుంది. ‘శుశ్రూష’లోని సేవ మాత్రమే నిలిచి, నేర్చుకోవాలనే కోరిక చోటు కోల్పోతుంది.