హకమ్: మధ్యవర్తియా, తీర్పరియా?

దంపతుల నడుమ విభేదాలు ముదిరినప్పుడు భర్త వైపునుండి ఒకరిని, భార్య వైపునుండి ఒకరిని ‘హకమ్’లుగా నియమించాలని సూరా నిసా 35వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఈ పదాన్ని తెలుగులో ‘మధ్యవర్తి’ అనడం పరిపాటి. భావం అందడానికి అది చాలును గాని, పదం బరువును అది మోయలేదు. మధ్యవర్తి నచ్చజెబుతాడు, వినకపోతే లేచి వెళతాడు. అరబీలో ‘హుక్మ్’ అంటే తీర్పు. హకమ్ ఆ ధాతువు నుండే వచ్చింది.

ఈ తేడా నిఘంటువుకు పరిమితం కాదు. ఇమామ్ మాలిక్ (రహ్మ) దృష్టిలో హకమ్‌లిద్దరూ ఏకాభిప్రాయానికి వస్తే దంపతులను కలపనూవచ్చు, విడదీయనూవచ్చు. హనఫీ పండితుల దృష్టిలో వారు ప్రతినిధులే. భర్త అధికారమివ్వనిదే విడదీయజాలరు. విశేషమేమంటే, ఉభయులూ హజ్రత్ అలీ (రజి) ఎదుటికి వచ్చిన ఒకే వివాదాన్ని ఆధారంగా చూపుతారు. అందులో భార్య, తీర్పు తనకు అనుకూలమైనా ప్రతికూలమైనా సమ్మతమేనన్నది. భర్త విడిపోవడానికి ఒప్పుకోనన్నాడు. ఆమెలాగే అతడూ ఒప్పుకొని తీరాలని అలీ (రజి) నిలదీశారు. భర్త సమ్మతి అవసరం గనుకనే అడిగారని హనఫీలు, నిరాకరించే హక్కు లేదు గనుకనే నిలదీశారని మాలికీలు వాదిస్తారు.

పదప్రయోగం మాత్రం మాలికీ వాదానికే బలమిస్తున్నది. క్రీ.శ. 657లో సిఫ్ఫీన్ యుద్ధం తరువాత, తీర్పు అల్లాహ్‌ది మాత్రమేనంటూ ఖారిజీలు హకమ్‌ల నియామకాన్నే తిరస్కరించారు. అందుకు ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ ఆయత్‌నే సమాధానంగా చూపారు. హకమ్ అంటే కేవలం నచ్చజెప్పేవాడైతే ఖారిజీల అభ్యంతరానికి అర్థమే ఉండదు.

మరి బంధువులు నిష్పాక్షికంగా ఉండగలరా? ఇంటి గుట్టు తెలిసినవారు వారే. అయితే ఆయత్ సంస్కరణ సంకల్పాన్ని షరతుగా పెట్టింది. ఆ సంకల్పం హకమ్‌లదేనని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు. కనుక స్వతంత్రత అంటే చుట్టరికం లేకపోవడం కాదు. పంపినవాడి చెప్పుచేతల్లో ఉండకపోవడం.

2002లో షమీమ్ ఆరా కేసులో భారత సుప్రీంకోర్టు, తలాఖ్‌కు ముందు ఇరువైపుల నుండి చెరొకరు రాజీ ప్రయత్నం చేసి ఉండాలన్నది. ఆ ఇద్దరూ భర్త నిర్ణయాన్ని మోసుకొచ్చే దూతలైతే అది తంతుగా మిగులుతుంది. ‘తీర్పరి’ అన్న తెలుగు మాటలో రాజీ ధ్వని తక్కువే. అయినా, గడప దాటనున్న స్త్రీకి తన మాట వినే మనిషి చేతిలో అధికారం కూడా ఉన్నదని చెప్పేది ఆ మాటే.