ఇప్పనూనెకు కొబ్బరినూనె లెక్క

ఇంట సబ్బు చేయు విధమును తెలుపు కరపత్రములు తరచు కొబ్బరినూనె లెక్కనే ఇచ్చి, జావ చిక్కబడగానే అచ్చులలో పోయుమని చెప్పును. భద్రాచలపు అడవులలో దొరకు ఇప్పనూనెను తిరుమలాయపాలెములో వాడదలచిన వారికి ఈ సలహా హానికరము. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా పట్టును, ఇప్పనూనెకు 13.5 గ్రాములు చాలును. మిగిలిన నాలుగున్నర గ్రాములు సబ్బులో నిలిచి చర్మమును కాల్చును.

ఇక చిక్కదనమా? చలికి ఇప్పనూనె తానే పేరుకొనును. (అడవి ఊళ్ళ గృహిణులకు ఇది కొత్త సంగతి కాదు.) అట్టి జావను సబ్బైనదని అచ్చులో పోసినచో, పిదప నూనె, క్షారజలము వేరుపడును. నూనెను పూర్తిగా కరగించి, రెండింటిని 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కలిపిన ఈ పొరపాటు జరుగదు. వేరుపడిన జావను సన్నసెగపై కాచి తిరిగి కలుపవచ్చును. సోడా పైలెక్కన ఎక్కువైనచో మరి 33 గ్రాముల ఇప్పనూనె చేర్చవలెను. గిన్నె మాత్రము అల్యూమినియముది కారాదు. క్షారము దానిని తినివేయును.