పుండు లోతు ఎవరు రాయాలి?

అమెరికా క్లినిక్ నుంచి వచ్చిన చార్టులో ‘కుడి కాలికి గాయం, డ్రెస్సింగ్ మార్చాం’ అని మాత్రమే ఉంటే హైదరాబాద్‌లో మెడికల్ కోడర్ చెయ్యి ఆగిపోతుంది. దెబ్బ తగిలి చీరుకుపోయిందా? అయితే జబ్బు కోడ్ ఎస్ 81. మంచం పట్టినవాళ్లకు ఒత్తిడి వల్ల పడిన పుండా? ఎల్ 89. ఉబ్బిన సిరల వల్లయితే ముందు ఐ 83, వెనక ఎల్ 97. ఇవేవీ ఆ నోటులో లేవు.

ఎల్ 97లో నాకు ముచ్చటైనది ఆరో స్థానం. అంతకుముందు స్థానాలు పుండు ఎక్కడుందో, ఏ కాలో చెబితే, ఇది ఎంత లోతుకు దిగిందో చెబుతుంది. 1 అంటే చర్మం వరకే, 2 అంటే కొవ్వు కనబడుతోంది, 3 అంటే కండ కుళ్లింది, 4 అంటే ఎముక కుళ్లింది. కండనో ఎముకనో తాకినా ఇంకా కుళ్లని పుళ్లకు 2017 అక్టోబర్‌లో 5, 6 కలిపారు. లోతు రాయకపోతే మిగిలేది 9. ఆ 9 చూసి ఆడిటర్లు కోడర్‌ని అంటారు గానీ, చాలాసార్లు లోపం నోటులోనే ఉంటుంది.

టైప్ 2 షుగర్, కుడి మడమ మీద పుండు, కొవ్వు బయటపడింది: ఇ 11.621, దాని తర్వాత ఎల్ 97.412. డాక్టరు కాదని రాస్తే తప్ప షుగర్‌కీ పాదం పుండుకీ సంబంధం ఉందనుకోమని కోడింగ్ గైడ్‌లైన్లే అంటాయి. లోతు విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఎంఆర్ఐ రాశారు, సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు, ఎముక దాకా పోయిందని మనకి అనిపిస్తుంది. అనిపించినదాన్ని కోడ్ చేయకూడదు. డాక్టరుకి క్వెరీ పెట్టాలి. అందులోనూ ‘ఎముకకు పాకిందని రాయండి’ అని జవాబు అందించకూడదు, చార్టులో ఉన్న లక్షణాలు చూపించి అడగాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది డిబ్రైడ్‌మెంట్ దగ్గర, అంటే పుండులో కుళ్లిన భాగం తీసేసే చికిత్స దగ్గర. పుండు ఎముక దాకా ఉన్నా డాక్టరు తీసింది కొవ్వు వరకేననుకోండి. జబ్బు కోడ్‌లో ఎముక లోతే ఉంటుంది, చికిత్స కోడ్ మాత్రం 11042, 11044 కాదు. ఎంత లోతున తీశారన్నదే లెక్క. విస్తీర్ణం కూడా తీసిన మేరకే: మొదటి 20 చదరపు సెంటీమీటర్లకు 11042, ఆపైన 11045. ‘పుండు శుభ్రం చేశాం’ అన్న వాక్యంతో ఇవేవీ తేలవు.

రోగ నిర్ధారణ డాక్టరే రాయాలి. పుండు లోతు మాత్రం నర్సు రాసినా తీసుకోవచ్చు, అది నిబంధనల్లోనే ఉంది. అందుకే నేను ముందు నర్సు నోటే తెరుస్తాను, స్కేలు పెట్టి కొలిచేది ఎక్కువగా ఆవిడే కాబట్టి. ఆవిడ కొలత వారం వారం తగ్గుతూ, డాక్టరు నోటులో పాత కొలతే కాపీ అవుతూ వస్తే, మళ్లీ క్వెరీ.