ఆ ఇల్లెవరిది?

ఇల్లుగలాయన వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటే బతిమాలుకుంటాం, గడువడుగుతాం, తప్పదంటే పెట్టే బేడా సర్దుకుంటాం. మరి దేశమే గుమ్మంలో నిలబడి ఖాళీ చెయ్యమంటే? 'బేగమ్ జాన్' సినిమా మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

శ్రీజిత్ ముఖర్జీ మొదట 2015లో బెంగాలీలో 'రాజ్‌కాహిని' తీశారు. ఋతుపర్ణ సేన్‌గుప్తా అందులో నాయిక. అదే కథని పంజాబుకి మార్చి, 2017లో హిందీలో 'బేగమ్ జాన్'గా ఆయనే మళ్ళీ తీశారు. ఇందులో నాయిక విద్యాబాలన్. 2019లో వచ్చిన 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు'లో బసవతారకంగా, తలవంచుకుని నెమ్మదిగా మాట్లాడే ఇల్లాలిగా ఆమెని చూసినవాళ్ళు, ఈ సినిమాలో హుక్కా పీలుస్తూ మగాళ్ళని కళ్ళతోనే నిలబెట్టేసే బేగమ్‌ని చూస్తే, ఈమేనా ఆమె అనుకుంటారు.

కథ చిన్నదే. 1947. ఊరికి దూరంగా ఓ పాతకాలపు పెద్ద ఇల్లు. అందులో ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు. ఒకతె హిందువు, ఒకతె ముస్లిం, ఇంకొకతె ఏమిటో ఎవరూ అడగరు. దేశాన్ని రెండు చేసే గీత సరిగ్గా ఆ ఇంటి మధ్యలోంచి పోతుంది. ఇటునించి కాంగ్రెసు తరఫున ఒకాయన, అటునించి ముస్లిం లీగు తరఫున ఒకాయన వచ్చి ఖాళీ చెయ్యమంటారు. బేగమ్ చెయ్యనంటుంది. రాజుగారి అండ ఉందనుకుంటుంది గానీ, ఆ రాజుకే రాజ్యం పోయింది. చివరికి అద్దె గూండాలు దిగుతారు. ఆడవాళ్ళు తుపాకులు పట్టుకుంటారు.

ఇంటి మధ్యలోంచి సరిహద్దు పోవడమేమిటి, ఇది సినిమా వాళ్ళ పైత్యం అంటారేమో. అసలు చరిత్రే అంతకన్నా పైత్యంగా నడిచింది. సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే లాయరు అంతకుముందెన్నడూ మన దేశం మొహం చూసినవాడు కాడు. 1947 జూలై 8న వచ్చి, అయిదారు వారాల్లో పంజాబునీ బెంగాలునీ రెండేసి ముక్కలు చేసే గీత గీసేశాడు. ఆ గీత ఎక్కడ పడిందో జనానికి తెలిసింది ఆగస్టు 17న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకి! పండగ చేసుకున్న తరవాత గానీ తామే దేశంలో ఉన్నారో తెలియని ఊళ్ళెన్నో. కోటిమందికి పైగా ఇళ్ళు వదిలి నడిచారు. బట్ట కత్తిరించేటప్పుడు మనం రెండుసార్లు కొలుస్తాం, ఆయనకి ఆ పాటి తీరికా లేకపోయింది.

సినిమాలో నాకు నచ్చింది యుద్ధం కాదు, కాపరం. బేగమ్ ఇల్లు నడిపే తీరు. ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరు ఎవరిమీద అలిగారు, ఎవరు ఏ మగాడి మాటలు నమ్మి పారిపోదామని చూస్తున్నారు, అన్నీ ఆవిడకి తెలుసు. అరుస్తుంది, కొడుతుంది, అన్నం పెడుతుంది. ఆవిడ మంచిది కూడా కాదు. రాజుగారి ప్రాపకం కోసం, నోరూ వాయీ లేని చిన్నపిల్లని ఆయన ముందుకు పంపుతుంది. అది చూసి మనకి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. నాయికని దేవతని చెయ్యకుండా, అలవాటుపడిన పెత్తందారుగానే చూపించడం దర్శకుడి ధైర్యమే. ఇలా అరలు అరలుగా కోపం, ప్రేమ, స్వార్థం దాచుకున్న ఆడమనిషిని తెరమీద ఎన్నిసార్లు చూస్తాం చెప్పండి?

లోపాలూ ఉన్నాయి. అందరూ అరుస్తారు. ఒక్కరూ మామూలుగా ఓ మాటని వదిలెయ్యరు, ప్రతిదానికీ చప్పట్లు పడాలి. మన మధురవాణి ఎవరిమీదా గొంతెత్తకుండానే గిరీశాన్ని చిత్తు చేసింది, సౌజన్యారావు పంతులంతటివాణ్ణి ఆలోచనలో పడేసింది. ఆ నెమ్మదితనం ఇక్కడ కనపడదు. ఇద్దరు అధికారులు మాట్లాడుకునేటప్పుడు ఒక్కొక్కరి మొహం సగమే కనిపించేలా తీశారు. దేశం సగం, మొహం సగం! మొదటిసారి బాగుందనుకుంటాం. అదే పనిగా చూపిస్తుంటే, చెప్పిన సామెతే మళ్ళీ మళ్ళీ చెప్పే పెద్దాయన ముందు కూర్చున్నట్టుంటుంది.

ఇంకొకటి. పారిపోతున్న ఆడవాళ్ళని ఓ పోలీసు అధికారి అడ్డగిస్తే, చిన్నపిల్ల తన బట్టలు తానే విప్పేస్తుంది. అతను కుప్పకూలిపోతాడు. మంటో కథ 'ఖోల్ దో' చదివినవాళ్ళకి అది చప్పున గుర్తొస్తుంది. కాని మంటో ఎవరినీ మార్చలేదు. ఆ కథలో డాక్టరుకి చెమటలు పడతాయి, కథ అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం పసిపిల్ల అవమానంతో మగాడికి బుద్ధి వస్తుంది. ఒక్క మగాడికి బుద్ధి రావడానికి ఒక పిల్ల అంత ఖరీదు ఎందుకు కట్టాలి?

ఇవన్నీ ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ముగింపు.

ఇల్లు తగలబడుతుంది. మిగిలిన నలుగురైదుగురూ శత్రువుకి లొంగకుండా, నవ్వుకుంటూ, ఆ మంటల్లోకే నడిచి తలుపులు వేసుకుంటారు. పక్కనే ముసలమ్మ పద్మిని కథ చెబుతూ ఉంటుంది. చిత్తోడు రాణి, జోహారు. హాల్లో కళ్ళు తుడుచుకోనివాళ్ళు తక్కువ. ఏడుపు వచ్చిందంటే సినిమా గెలిచినట్టేనని అనుకుంటాం. నాకు మాత్రం ఆ కన్నీళ్ళమీదే అనుమానం.

ఈ కథ మనకి కొత్తదా? 1757లో బొబ్బిలి కోట పడిపోతుంటే ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువుల చేతికి చిక్కకుండా తమవాళ్ళే చంపుకున్నారు. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చిందంటే ఊరు ఊరంతా కన్నీళ్ళు పెట్టుకునేది. వాళ్ళలో చావాలని ఎవరికుంది, బతకాలని ఎవరికుంది అని ఏ కథకుడూ అడగలేదు. 1947 మార్చిలో రావల్పిండి దగ్గర తోహా ఖాల్సా అనే పల్లెలో సిక్కు స్త్రీలు ఎంతోమంది పిల్లలతో సహా బావిలో దూకేశారు. ఆ ఘట్టం నీడ గోవింద్ నిహలానీ 'తమస్'లో కనిపిస్తుంది. ఊర్వశీ బుటాలియా 1998లో రాసిన పుస్తకంలో ఆ రోజుల్ని దాటి బతికినవాళ్ళ మాటలున్నాయి. అవి చదువుతుంటే, త్యాగం అన్న మాట వెనకాల తోసిన చేతులు ఎన్ని ఉన్నాయో అర్థమవుతుంది.

సబీహా సుమర్ తీసిన పాకిస్తానీ సినిమా 'ఖామోష్ పానీ' 2003లో వచ్చింది. అందులో బావిలో దూకమన్నప్పుడు దూకకుండా పరిగెత్తిన పిల్ల ఉంది. తరవాత ముస్లింగా మారి, పెళ్ళాడి, కొడుకుని కని, ఎన్నేళ్ళయినా ఆ బావికి మాత్రం నీళ్ళకి వెళ్ళదు. చివరికి ఆవిడా ఆ బావిలోనే దూకుతుంది. చావు అక్కడా చావే. కాని ఆ సినిమా చావుకి హారతి పట్టదు. ఎవరు తోశారో చూడండని మనవైపు తిరుగుతుంది. 'బేగమ్ జాన్' హారతి పడుతుంది. తేడా అదీ.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. బేగమ్ పరువు కోసం పోరాడడం మొదలెట్టలేదు. పరువు అన్నదాన్ని ఊరు ఆవిడకి ఎప్పుడూ ఇవ్వలేదు కూడా. ఆవిడ పోరాడింది ఇంటికోసం, కాస్త నీడకోసం. రెండు గంటలు ఇంటికోసం పోరాడినదాన్ని, చివరి పది నిమిషాల్లో తీసుకెళ్ళి పరువుకోసం ప్రాణమిచ్చిన రాణుల పక్కన కూర్చోబెట్టారు. అది ఆవిడకి గౌరవమని దర్శకుడి ఉద్దేశం. నాకైతే ఆవిడ ఇల్లు రెండోసారి పోయినట్టనిపించింది.

మరి ఎలా ఎదిరించాలి అంటారా? ఎం.ఎస్. సత్యు 'గరమ్ హవా'లో ఓ ముసలమ్మని చూడండి. ఆగ్రాలో ఇల్లు. పెద్దకొడుకు పేరుమీద ఉంది, అతను పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. సర్కారు స్వాధీనం చేసుకుంటుంది. ముసలమ్మకి చట్టం తెలీదు, తుపాకి తెలీదు. వంటచెరకు పెట్టుకునే కొట్లో దూరి దాక్కుంటుంది, అంతే. పెళ్ళికూతురుగా ఆ గడప తొక్కింది, ఇంక ఎక్కడికి పోతుంది? ఎత్తుకుని తీసుకెళ్ళవలసి వస్తుంది. ప్రాణం పోయేముందు మళ్ళీ ఆ ఇంటికి మోసుకొస్తేగాని ఆవిడకి తృప్తి లేదు. ఒక్క తూటా పేలదు. అయినా, కట్టెల మధ్య ఒదిగి కూర్చున్న ఆ పిట్టంత మనిషి ముందు 'బేగమ్ జాన్' మంటలన్నీ వెలవెలపోతాయి.

'పింజర్'లో పూరో ఇంకో దారి చూపించింది. అమృతా ప్రీతమ్ నవల 1950లో వచ్చింది, చంద్రప్రకాశ్ ద్వివేదీ సినిమా 2003లో. ఎత్తుకుపోయినవాడి దగ్గర్నించి పారిపోయి వస్తే కన్నవాళ్ళే తలుపు వేశారు. అంతా అయ్యాక, రమ్మని అన్న పిలిచినప్పుడు పూరో వెళ్ళదు. ఆ నిర్ణయంతో మనకి పేచీ ఉండొచ్చు. కాని నిర్ణయం ఆవిడది. అదే అప్పట్లో అరుదైన సంగతి. 1949లో అపహృత స్త్రీలని వెనక్కి తెచ్చే చట్టం చేశారు. మగపిల్లాడైతే పదహారేళ్ళలోపు వాడికే అది వర్తిస్తుంది, ఆడదైతే ఏ వయసైనా సరే! అరవయ్యేళ్ళావిడ కూడా తనెక్కడుండాలో తను చెప్పడానికి లేదన్నమాట. ఎత్తుకుపోయినవాడూ అడగలేదు, వెనక్కి తెచ్చినవాళ్ళూ అడగలేదు.

అందుకే 'బేగమ్ జాన్' చూడండనే చెబుతాను. విద్యాబాలన్ కోసం చూడండి. ఇలా అరున్ ముసలమ్మ వేషం కోసం చూడండి. ముఖ్యంగా, గడువు అయిపోయేదాకా ఆ ఇంట్లో నడిచే రోజువారీ బతుకు కోసం చూడండి. వంటిళ్ళలోంచీ పడకటిళ్ళలోంచీ గీతలు గీసినవాళ్ళకి అక్కడెవరుంటారో కనిపించలేదు. ఈ సినిమా అది కనిపించేట్టు చేసింది. చిన్న విషయం కాదు.

కాని మంటలు లేచినప్పుడు కాస్త కళ్ళు తుడుచుకుని ఆలోచించండి. ఆడది చచ్చిపోతే ఎందుకు మనకి అంత గొప్పగా అనిపిస్తుంది? బతికి, మసిబారిన మొహంతో బయటికొచ్చి, మర్నాడు పొయ్యి వెలిగించుకోవడానికి నాలుగు ఇటుకలు వెతుక్కునే మనిషిని గొప్పదని ఎప్పుడంటాం? ఆ సరిహద్దుకి రెండువైపులా లక్షలాది ఆడవాళ్ళు చేసింది అదే. వాళ్ళ కథకి ఇంకా సినిమాలు బాకీ ఉన్నాయి.