'స్కావెంజ్': ఈ క్రియకు కర్త ఎవరు?

చెత్తలో వెతుక్కోవడం, పారేసినవి ఏరుకోవడం, వీధులు శుభ్రం చేయడం. ఇంగ్లీషులో 'స్కావెంజ్' అనే క్రియకు ఈ అర్థాలన్నీ ఉన్నాయి. రాబందులు, నక్కలు చచ్చిన జంతువుల్ని తినడానికీ ఇదే మాట. మన దేశ చట్టాల్లోకొచ్చేసరికి ఇది దళితుల మెడకు కట్టిన పేరయింది.

దీని పుట్టుక వేరు. మధ్యయుగాల లండన్‌లో బయటి వర్తకులు అమ్మకానికి పెట్టిన సరుకు మీద 'స్కావేజ్' అనే సుంకం ఉండేది. దాని మూలం 'చూడటం' అనే అర్థమున్న ఫ్లెమిష్ మాట. ఇంగ్లీషు 'షో' దానికి చుట్టమే. సుంకం వసూలు చేసే అధికారి 'స్కావేజర్'. తర్వాత వీధుల శుభ్రత చూసే బాధ్యతా అతనిమీదే పడింది. మెల్లగా ఆ పేరు, మధ్యలో నకారం చేర్చుకుని, ఊడ్చేవాడికి దిగింది. క్రియ పుట్టింది 17వ శతాబ్దంలోనే. అంటే ముందు మనిషికి పేరుపెట్టి, అందులోంచి పనిని తీశారు. లండన్‌లో ఇది వ్యాకరణం, మన దగ్గర ఇదే కులం. పుట్టుక ముందు, పని తర్వాత.

తెలుగులో 'పాకీ' సంగతీ అంతే. పారశీకంలో 'పాక్' అంటే పవిత్రం. శుభ్రతను చెప్పే మాట శుభ్రం చేసేవాళ్లకు తగిలించేసరికి తిట్టయి కూచుంది. పేరు మారిస్తే గౌరవం వస్తుందనే పెద్దలు దీనికేం జవాబు చెప్తారు?

చట్టం కూడా మాటలతోనే ఆడుకుంది. 1993 చట్టం మలాన్ని చేతులతో మోసేవాళ్లనే గుర్తించింది. 2013 చట్టం శుభ్రం చేయడం, పారబోయడం కూడా చేర్చింది, పని చేయించేవాళ్లకు శిక్షలూ పెట్టింది. కానీ ప్రభుత్వం ప్రకటించిన పరికరాలు, రక్షణ దుస్తులు వాడితే ఆ మనిషి 'మాన్యువల్ స్కావెంజర్' కాడని ఒక వివరణ తగిలించింది. చేతికి తొడుగేస్తే పేరు పోతుందట. మరి ఆ పనికి ఆ కులాలవాళ్లే ఎందుకు రావాలన్న ప్రశ్న ఎక్కడికి పోతుంది? మురుగుకాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు, 2023లో 30 లక్షల పరిహారం ఇవ్వాలంది. చావుకు లెక్క పెరిగింది, చావు ఆగలేదు.

'మ్యాన్‌హోల్‌లోకి దిగి కార్మికుల మృతి' అని రాసే పత్రికలకు మేం చెప్పేదొకటే. వాళ్లు దిగలేదు, దింపారు. 'దిగి' అని రాస్తే చచ్చినవాడే కర్త. 'దింపి' అని రాయండి. అప్పుడు దింపిందెవరని అడగక తప్పదు.