జియోకొండా బెల్లి కవితయందు సాపేక్షశృంగారము

శృంగారమునకు వీరము విరోధియని సాహిత్యదర్పణమున విశ్వనాథుడు. ఆ రెండును నవిరోధులని ధ్వన్యాలోకమున ఆనందవర్ధనుడు. ఈ వివాదమునకు సంస్కృతాంధ్రకావ్యములనుండియే లక్ష్యములు వెదకుట పరిపాటి. నికరాగ్వాదేశమున మనాగ్వానగరమందు 1948లో జన్మించిన జియోకొండా బెల్లి కవిత దీనికి దూరదేశపు సాక్ష్యము. ఈమె 1970లో సోమోసావంశపు నియంతృత్వము నెదిర్చిన సాందినిస్తాదళమున రహస్యముగా జేరినది. 1975లో ప్రవాసము వెడలినది. 1978లో 'లీనెఆ దె ఫువేగో' యను సంపుటికి క్యూబాలోని కాసా దె లాస్ అమెరికాస్ బహుమానమును బడసినది. తొలిసంపుటియగు 'సోబ్రె లా గ్రామా'లో స్త్రీ తన దేహమును దానే వర్ణించుకొన్నదని నాటి మర్యాదస్థులు నొచ్చుకొనిరి. ముద్దుపళని గ్రంథమునకు బట్టిన గతి నెఱిగిన తెలుగువారి కిది వింతగాదు.

ఈమె కవితకు రెండు జీవములు: ప్రేమ, ఆశ. రతి స్థాయిభావమని యెల్లరు నెఱుగుదురు. ఆశయో, ముప్పదిమూడు వ్యభిచారిభావములలోనైన బేరులేనిది. ఐనను గరుణవిప్రలంభములను వేఱుపఱుచుటకు భరతుడు చూపిన గుఱుతు ఆశయే: కరుణము నిరపేక్షము, విప్రలంభము సాపేక్షము. కాదంబరిలో బుండరీకుడు మరణించినను, బునస్సమాగమమును దెలుపు దివ్యవాణి వినబడినతోడనే మహాశ్వేత శోకము విప్రలంభమున కొదుగుచున్నది. కనుక ఆశ రతికి వెలుపలిది గాదు. వియోగమున రతికి బ్రాణమదియే. స్పానిషుభాషలో 'ఎస్పెరార్' అను నొక్క క్రియకే ఆశించుట, ఎదురుచూచుట యని రెండర్థములు. అపేక్షా, ప్రతీక్షా శబ్దములు రెంటను నీక్షధాతువును గుర్తించువారి కీ యర్థద్వయము సుబోధము.

ఈమె 'ఉవెల్గ' (సమ్మె) యను ఖండికను బరీక్షింపుడు. శ్రామికులు, వాహనచోదకులు, వైద్యులు పనిమానవలెను, అది ప్రస్తుతము. వారి పంక్తిలోనే పావురములును బువ్వులును నున్నవి, అది యప్రస్తుతము. రెంటికి నేకధర్మాన్వయము గలిగి దీపకచ్ఛాయ యేర్పడుచున్నది. పిమ్మట గడియారములు, కర్మాగారములు, రేవులు. తుదకు ముద్దులు, ఊపిరి! ఇచ్చటనే కవయిత్రి ప్రజ్ఞ. ప్రేమయు సమ్మెలో జేరినది గనుక వియోగము దైవికము గాదు, శాపకృతము గాదు. ప్రేమికులు బుద్ధిపూర్వకముగా దాల్చిన వ్రతము. ఎల్లయు నిశ్శబ్దమైన వెనుక వినబడవలసినది నిష్క్రమించు నిరంకుశుని యడుగులచప్పుడు. 'ఆశ' యను మాట యొక్కచోటనైన లేదు, అంతయు వ్యంగ్యము. శృంగారమిట వీరమున కంగమై రసవదలంకార మగుచున్నది. ఆనందవర్ధనుని మతమున కింతకన్న జక్కని లక్ష్య మరుదు.

కలలను మోయువారిని గూర్చిన ఖండిక యింతకన్న బ్రసిద్ధము, పాఠకుల కభిమానపాత్రము. కాని యందు గల, ప్రేమ యను మాటలే మాటిమాటికి దొరలును. రసభావములను స్వశబ్దముతో జెప్పుట దోషమని మమ్మటుడు. ఆశను బేర్కొన్నంతమాత్రమున నాశ పుట్టదు. ఆ ఖండికను సభలందు జదువుట కనువైనదనవచ్చును. 'ఉవెల్గ'తో దూచుట తగదు.

1979 జూలైలో సోమోసాపాలన కూలినది. విజయము నొందిన దళమునుండి యీమె 1990 దశకమున విడిపోయినది. 2023 ఫిబ్రవరిలో, ఒకనాటి సహచరుడగు దానియేల్ ఓర్తేగా ప్రభుత్వమున, 94 మంది పౌరసత్వము హరింపబడెను. వారిలో నవలాకారుడు సేర్హియో రామీరెస్‌తోపాటు ఈమెయు నొకతె. ఆ సంవత్సరముననే స్పెయినుదేశపు రేనా సోఫియా కవితాపురస్కార మీమెకు లభించినది.

ప్రవాసము కార్యమున, శాపమున, సంభ్రమమున గలుగునని దర్పణకారుడు. 1975 నాటిది సంభ్రమజము. పట్టుబడుదునను భయమున వెడలినది. రెండవది శాపజమే యనవలెను. కాని యక్షునకు శాపావధి యొక్క సంవత్సరము. ఈ శాపమున కవధి చెప్పబడలేదు. శపించినది ప్రభువుగాని ప్రియుడైన దేశము గాదని యీమె కవిత పట్టుబట్టుచున్నంతకాలము కరుణమునకు జోటులేదు. అవధిలేని శాపమున సాపేక్షముగనే నిలుచు నీ రతిని విప్రలంభభేదములలో నెచ్చట జేర్పదగునో లాక్షణికులు విచారింతురుగాక.