గుణం కొలిచే కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

మనిషి గుణాన్ని కొలవడం ఈ దేశంలో కొత్త పనేం కాదు. మనువు ఏ కొలబద్దా లేకుండానే కొలిచి పెట్టిండు. పుట్టుకను చూసి గుణం చెప్పిండు, గుణం పేరు పెట్టి పని అంటగట్టిండు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా స్వభావం నుంచి పుట్టిన గుణాలను బట్టే నాలుగు వర్ణాల పనులు పంచింది. శూద్రుడి వంతుకు సేవ వచ్చింది. అతిశూద్రుడికి ఆ పంపకంలో చోటే లేదు. ఇవాళ ఆ కొలిచే పని సైకాలజీ చేస్తున్నది. శాస్త్రం పేరుతో వస్తున్నది కాబట్టి నోరు మూసుకుని ఒప్పుకోవాల్నా? వరంగల్, హన్మకొండల్లో పోటీ పరీక్షలకు చదివే మొదటితరం విద్యార్థుల మధ్య ఉన్న మేం ఈ ప్రశ్న అడగక తప్పదు. రాతపరీక్ష గట్టెక్కినంక మన పిల్లల ముందు నిలబడేది ఈ 'వ్యక్తిత్వం' అనే గడపే.

ముందు ఆ పద్ధతులేందో చూద్దాం. స్విట్జర్లాండ్ డాక్టర్ రోషాక్ 1921లో పది సిరా మరకల అట్టలు తయారుచేసిండు. మరకలో ఏం కనబడుతున్నదో చెప్పమంటరు. 1935లో హార్వర్డ్‌లో మోర్గాన్, ముర్రే బొమ్మలు చూపి కథ చెప్పించే పరీక్ష తెచ్చిన్రు. మన సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు ఈ తీరు పరీక్ష ఇప్పటికీ ఉంది. 1943లో మిన్నెసోటా ప్రశ్నావళి అచ్చయింది. అందులో 'మామూలు మనిషి' ఎట్లుంటడో తేల్చడానికి వాళ్లు ఎంచుకున్నది మిన్నెసోటా యూనివర్సిటీ ఆసుపత్రికి రోగులను చూడటానికి వచ్చిన సుమారు 720 మంది తెల్లవాళ్లను. వాళ్ల తీరు మామూలు అయింది. దానికి దూరంగా ఉన్నది లోపం అయింది. 1989లో దాన్ని సవరించేదాకా నాలుగు దశాబ్దాలకు పైగా ఆ లెక్కే నడిచింది.

ఇప్పుడు ఎక్కువ చెలామణిలో ఉన్నది 'ఐదు గుణాల' సిద్ధాంతం. దాని పునాది భాష. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువు నుంచి మనిషిని వర్ణించే మాటలు దాదాపు 18 వేలు ఏరిన్రు. తర్వాతివాళ్లు అటువంటి మాటలను వడగట్టి ఐదు గుణాలకు తెచ్చిన్రు. ఇక్కడే మాకు అనుమానం. భాష ఎవరిది? తెలుగులో అట్లనే మాటలు ఏరితే ఏం దొరుకుతయి? మన కులాల పేర్లే తిట్లుగా, గుణాలుగా దొరుకుతయి. 'మంచి వంశం', 'సంస్కారం', 'బుద్ధి పోనిచ్చుకోలేదు' అనే మాటల నిండా కులమే. ఆ మాటల్లోంచి తీసిన గుణం కులం లేని గుణం ఎట్లయితది? 2013లో గర్వెన్, ఆయన తోటి పరిశోధకులు బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల్లో 632 మందిని పరిశీలిస్తే ఆ ఐదు గుణాల అమరిక అక్కడ కనబడనే లేదు. అంటే అందరికీ ఒక్కటే అన్న కొలబద్ద అందరికీ సరిపోలేదన్నమాట.

కొలత ఊరికే ఉండదు, శిక్ష కూడా వేస్తది. రిస్లీ ముక్కు వెడల్పుకూ సామాజిక హోదాకూ లంకె పెట్టిండు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని దక్షిణాది కులాల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేసిండు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ లేచింది. ఎరుకల బిడ్డ నేరం చేయకముందే నేరగాడు. 'దొంగ గుణం' పుట్టుకతో వస్తదన్నరు మరి. 1952లో ఆ చట్టం పోయింది. 1962లో ఆంధ్రప్రదేశ్‌లో 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టం వచ్చింది. పేరు మారింది, పోలీసుల చూపు మారలేదు.

పాత గుణాలు కొత్త ప్రశ్నావళిగా కూడా తిరిగి వచ్చినయి. 1998లో డేవిడ్ వుల్ఫ్ అనే ఆయన సత్వ, రజో, తమో గుణాలను కొలిచే 'వేద వ్యక్తిత్వ' ప్రశ్నావళి ప్రకటించిండు. వెయ్యేళ్లుగా ఎవరిని తామసులన్నరో, ఎవరి తిండిని తామసమన్నరో మనకు ఎరుకే. దానికి మార్కులు వేస్తే శాస్త్రమైపోతదా? బాబాసాహెబ్ 1936లోనే 'కులనిర్మూలన'లో దీనికి జవాబు చెప్పిండు. గుణాన్ని బట్టే చాతుర్వర్ణ్యం అనే ఆర్యసమాజికుల వాదాన్ని, మనుషులను మూడు తరగతులు చేసిన ప్లేటోను కలిపి నిలదీసిండు. మనుషుల్లోని వైవిధ్యానికి అంతు లేదు, దాన్ని కొద్ది గూళ్లలో కుక్కడం కుదరదని ఆయన వాదన. 1968లో వాల్టర్ మిషెల్ తేల్చింది కూడా దానికి దగ్గరే. ప్రశ్నావళిలో తేలిన గుణానికీ ఒక సందర్భంలో మనిషి చేసే పనికీ ఉన్న సంబంధం సుమారు 0.30 దాటడం లేదన్నడు. ఎన్నో సందర్భాలు కలిపి చూస్తే ఆ సంబంధం బలపడుతదని తర్వాతివాళ్లు చూపిన్రు, నిజమే. కానీ ఇంటర్వ్యూ బోర్డు మనిషిని ఎన్ని సందర్భాల్లో చూస్తది? అర్ధగంట.

ఆ అర్ధగంట సంగతి చూద్దాం. యూపీఎస్సీ ఇంటర్వ్యూకు పెట్టిన పేరే 'పర్సనాలిటీ టెస్ట్', 2025 మార్కుల్లో దానికి 275. గడీల కాలంలో దొర కండ్లలోకి సూటిగా చూసిన మాల, మాదిగ బతికి బట్టకట్టలేదు. 'బాంచెన్' అని తల వంచడమే బతుకు నేర్పిన చదువు. ఇప్పుడు అదే తల కొంచెం వంగితే 'ఆత్మవిశ్వాసం తక్కువ' అంటరు. సూటిగా చూసి జవాబిస్తే 'దురుసు' అంటరు. ఎటు పోవాలె? జోధ్‌కా, న్యూమన్ 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఢిల్లీ కంపెనీల్లో మనుషులను ఎంపికచేసే 25 మంది అధికారులను కలిసిన్రు. కులం అడగమన్నరు, 'కుటుంబ నేపథ్యం' అడుగుతమన్నరు. కులానికి అది మారుపేరు కాదా? హాఫ్, పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 321 మంది అగ్రకుల పిల్లలకు, 321 మంది కింది కులాల పిల్లలకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చిన్రు. కులం బయటపెట్టనప్పుడు తేడా లేదు. పేరుతోపాటు కులం చదివేసరికి కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. తెలివి ఒక్క నిమిషంలో తగ్గిందా? తగ్గింది తెలివి కాదు, ఆ గదిలో గాలి.

ఇదంతా మార్కుల గొడవ మాత్రమే కాదు, ప్రాణాల సంగతి. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయిండు. 2017లో బయటికొచ్చిన రూపన్‌వాల్ కమిషన్ నివేదిక, వివక్ష కారణం కాదు, సొంత నిరాశే కారణమన్నది. వెలి, స్టైపెండ్ ఆగడం, హాస్టల్ నుంచి గెంటడం పక్కకు పోయి మనిషి లోపలి బలహీనత ముందుకొచ్చింది. పరిస్థితిని వదిలి గుణాన్ని తప్పుపట్టడం మనుషులు మామూలుగా చేసే పొరపాటని సైకాలజీ పాఠ్యపుస్తకమే చెప్తది. మన దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం మర్చిపోతరు.

సైకాలజీ మొత్తం దండగ అని మేం అనడం లేదు. మనసు దెబ్బతిన్న మన పిల్లలకు అది కావాలె. మా పేచీ కొలబద్ద మీద. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు ఎత్తేసింది, మంచి పనే. ఎక్కడ ఇంటర్వ్యూ ఉంటదో అక్కడ అందరికీ ఒకే ప్రశ్నలు, ముందే రాసిపెట్టిన మార్కుల పద్ధతి, బోర్డులో దళిత, ఆదివాసీ, బహుజన స్త్రీపురుషులు ఉండాలె. పరీక్ష తయారుచేసినోళ్లు 'మామూలు మనిషి'ని ఎవరిలో చూసిన్రో బయటపెట్టాలె. టీచర్లు పిల్లల సర్టిఫికెట్ల మీద 'గుణం' రాసే ముందు చేయి ఆపి ఆలోచించాలె. ఇక సైకాలజీ చదివే మన విద్యార్థులు ఒక పని చేయాలె. అంటరానితనం పాటించేవాడి వ్యక్తిత్వం ఎట్లాంటిదో కొలిచే ప్రశ్నావళి రాయాలె. ఇంతకాలం కొలత మన మీదే నడిచింది. ఇప్పుడు కొలిచేటోళ్లను కూడా కొలవాలె.